గేరు సైకిల్ నేర్పిన లెక్క

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టల్ తమ్ముళ్ళు అడిగారు. కవితలు నాకు రావు. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ఈ హాస్టల్లోనే ఉండి చదివాను. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేనే. దెబ్బ తిని నేర్చుకున్న ఒక చిన్న పని గురించి మీకు చెబుతాను.

డిగ్రీ చివరి సంవత్సరంలో ట్యూషన్లు చెప్పడానికి రోజూ ఎనిమిది కిలోమీటర్లు వెళ్ళాల్సి వచ్చేది. రెండు వేలు పెట్టి పాత మౌంటెన్ సైకిల్ ఒకటి కొన్నాను. వెనక ఏడు గేర్లు. కొన్నాళ్ళకు వెనక వీల్ వంకరపోతే ఒక మిత్రుడు తన పాత సైకిల్ వీల్ ఇచ్చాడు. దానికి తొమ్మిది పళ్ళచక్రాలు ఉన్నాయి. ఎక్కువుంటే మంచిదే కదా అనుకున్నాను. చైనును ఒక పళ్ళచక్రం మీది నుంచి ఇంకోదాని మీదికి జరిపే భాగాన్ని డిరైలర్ అంటారు. నా పాత డిరైలర్‌నే బిగించి బయల్దేరాను.

గేర్లు సరిగా పడలేదు. పెద్ద పళ్ళచక్రం అసలు అందలేదు. దాంతో వైరు ఇంకా లాగి కట్టాను, అడ్డుగా ఉన్న స్క్రూ కూడా వదులు చేశాను. మూడో రోజు ఫ్లైఓవర్ ఎక్కుతుంటే చైను పెద్ద పళ్ళచక్రాన్ని దాటి స్పోక్సుల వైపు పడింది. దానితోపాటు డిరైలర్ కూడా వీల్‌లోకి పోయింది. ఆరు స్పోక్సులు తెగి రోడ్డు మీద పడ్డాను. వెనక వస్తున్న ఆటో అతను సమయానికి బ్రేకు వేశాడు. చెల్లి ఫీజుకు దాచిన ట్యూషన్ డబ్బు రిపేరుకు పోయింది.

ఇంటర్ ల్యాబ్‌లో వర్నియర్ కాలిపర్స్‌తో గోళీ వ్యాసం కొలిచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, నేనెక్కే సైకిల్‌ను మాత్రం కంటి అంచనాతో బిగించాను. ఆ తర్వాత కూర్చుని కొలిస్తే సంగతి తెలిసింది.

ఏడు పళ్ళచక్రాల సెట్‌లో ఒకదాని మధ్య నుంచి పక్కదాని మధ్యకు 5 మిల్లీమీటర్లు ఉంటుంది. తొమ్మిది ఉన్న సెట్‌లో అది సుమారు 4.35 మిల్లీమీటర్లే. హ్యాండిల్ మీది గేరు మీట ఒక్కో క్లిక్కుకు ఇంత వైరు అని లెక్కగా లాగుతుంది. నా మీట ఏడు గేర్లది కాబట్టి ఒక్కో క్లిక్కుకు చైనును 5 మిల్లీమీటర్లు జరిపేది. తేడా 0.65. నాలుగు క్లిక్కులకు అది 2.6 మిల్లీమీటర్లు అవుతుంది. అంటే చైను రెండు పళ్ళచక్రాల నడుమ ఉంటుంది. ఆరు క్లిక్కులకు మొత్తం 30 మిల్లీమీటర్లు. చివరి పళ్ళచక్రం చేరాలంటే 34.8 కావాలి. అది అందకపోవడానికి కారణం ఇదే. నేనేమో వైరును బలవంతంగా లాగాను.

ఇందులో తెలుసుకోవాల్సింది ఒకటుంది. గేర్లను లెక్కపెట్టేది డిరైలర్ కాదు, మీట. 1984లో జపాన్‌కు చెందిన షిమానో కంపెనీ డ్యూరా ఏస్ సెట్‌తో ఈ క్లిక్కుల పద్ధతి తెచ్చింది. క్లిక్కులు లేని పాత రకం మీట అయితే ఎన్ని పళ్ళచక్రాలున్నా చేత్తో సర్దుకుంటూ నడపవచ్చు. క్లిక్కుల మీట ఉంటే మాత్రం మీట, పళ్ళచక్రాల సెట్ ఒకే లెక్కకు చెందాలి.

అందుకని వీల్ పారేయలేదు, మీట కూడా మార్చలేదు. అదే హబ్ మీద ఏడు పళ్ళచక్రాల క్యాసెట్ వేశాను. హబ్ వెడల్పైనది కాబట్టి క్యాసెట్ వెనక 4.5 మిల్లీమీటర్ల రింగు పెట్టాను. పాత చైను అరిగి ఉంటే కొత్త పళ్ళ మీద జారుతుంది కాబట్టి అది కూడా మార్చాను.

మీరు ఈ పని చేసేటప్పుడు ఈ వరుసలో చేయండి.

1. ముందు వీల్ పట్టే చోట ఫ్రేము లోపలి వెడల్పు, హబ్ మీద ఈ చివరి లాక్‌నట్ నుంచి ఆ చివరి లాక్‌నట్ వరకు కొలవండి. మౌంటెన్ సైకిళ్ళలో ఎక్కువగా 135 మిల్లీమీటర్లు ఉంటుంది. తేడా ఉంటే అల్యూమినియం ఫ్రేమును వంచి పట్టించవద్దు.

2. హబ్ ఏ రకమో చూడండి. పాత రకంలో ఫ్రీవీల్ మొత్తం మరలా తిరిగి హబ్ నుంచి ఊడి వస్తుంది. క్యాసెట్ రకంలో పళ్ళచక్రాలు గాడుల్లోకి దిగుతాయి, టకటకలాడే భాగం హబ్‌లోనే ఉంటుంది. ఒకదాని పళ్ళచక్రాలు ఇంకోదానికి పట్టవు.

3. డిరైలర్ బిగించే కొక్కెం వంగి ఉందేమో వెనక నుంచి చూడండి.

4. వైరు కట్టకముందే అడ్డు స్క్రూలు సరిచేయండి. హెచ్ స్క్రూతో డిరైలర్ పై చిన్న చక్రం, అన్నిటికన్నా చిన్న పళ్ళచక్రం కిందికి సూటిగా రావాలి. తర్వాత పెడల్ తిప్పుతూ డిరైలర్‌ను చేత్తో లోపలికి నెట్టి చూడండి. చైను పెద్ద పళ్ళచక్రం మీదికి ఎక్కాలి గానీ దాన్ని దాటకూడదు. దాటకుండా ఆపేది ఎల్ స్క్రూ. నా ప్రాణం మీదికి తెచ్చింది ఇదే.

5. చైను చిన్న పళ్ళచక్రం మీద ఉండగా వైరు కట్టండి. పెద్దదాని వైపు ఎక్కడానికి బద్ధకిస్తే వైరు చివర ఉండే అడ్జస్టర్‌ను అర చుట్టు చొప్పున బయటికి తిప్పండి.

ఆ వీల్ ఇప్పటికీ నా సైకిల్‌కే ఉంది. తమ్ముళ్ళూ, మన చేతికి వచ్చే పుస్తకాలు, బట్టలు, సైకిళ్ళు చాలావరకు ఒకరు వాడి ఇచ్చినవే. మనకు పట్టలేదని వాటిని పారేయకండి. పట్టి తీరాలని బలవంతంగా బిగించకండి కూడా. ముందు కొలవండి. మనకు స్కేలు పట్టడం నేర్పింది ఈ హాస్టల్, ఆ పక్క బడే.

మీ అన్నయ్య,
పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ చివరి సంవత్సరం