హెడ్‌సెట్ కొనే ముందు అవతలివాళ్లను అడగండి

ఈసారి ఉత్తరాల్లో సగం హెడ్‌సెట్ల గురించే. చాలామంది బాస్ ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలు అనే అడిగారు. కాల్స్ మాట్లాడాలంటూనే మైకు గురించి ఒక్కరూ అడగలేదు.

మాది పెంబర్తి. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే కస్టమర్ కాల్స్ మాట్లాడతాను. పక్కింట్లో ఇత్తడి పని చేస్తారు. సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయని మా టీమ్ లీడర్ రోజూ గొణుగుతున్నారు. రెండు వేలలో ఏఎన్‌సీ ఉన్న ఇయర్‌బడ్స్ కొంటే సరిపోతుందా? సాయంత్రం పాటలు కూడా వినాలి.
*— ఓ పాఠకురాలు, జనగామ జిల్లా*

సరిపోవు. ఏఎన్‌సీ పనిచేసేది మీ చెవికి. బయటి చప్పుడును చిన్న మైకుతో పట్టి, దానికి ఎదురు తరంగాన్ని పుట్టించి మీ చెవిలో దాన్ని తగ్గిస్తుంది. దానివల్ల హాయిగా ఉండేది మీకే, మీ టీమ్ లీడర్‌కు సుత్తి ఎప్పటిలాగే వినిపిస్తుంది. అవతలివాళ్లకు వెళ్లే గొంతులోంచి రొద తీసేదాన్ని ఈఎన్‌సీ అంటారు. డబ్బా మీద రెండూ పక్కపక్కనే, ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి కాబట్టి కొనేవాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు. అమ్మేవాళ్లూ సరిదిద్దరు.

ఈఎన్‌సీకైనా హద్దుంది. ఫ్యాను, కూలర్ లాంటివి ఆగకుండా ఒకే తీరుగా మోగుతాయి, వాటిని గుర్తుపట్టి తీసేయడం సులువు. రేకు మీద పడే సుత్తి దెబ్బ అలా కాదు. ఠంగుమని పడి ఆగిపోతుంది, మళ్లీ ఎప్పుడు పడుతుందో ఏ చిప్‌కూ తెలియదు. చవక హెడ్‌సెట్లు ఆ దెబ్బను వదిలేస్తాయి, లేదా దాంతోపాటు మీ మాటలో ఓ ముక్క కోసేస్తాయి. కాకతీయుల కాలం నుంచి వస్తున్న పనిని కాసేపు ఆపమని పక్కింటివాళ్లను మీరు అడగలేరు, అడగకూడదు కూడా.

కాబట్టి మైకును నోటి దగ్గరికి తెచ్చుకోవడమే దారి. మైకుకూ నోటికీ మధ్య దూరం సగమైన ప్రతిసారీ మీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, పక్కింటి సుత్తి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇయర్‌బడ్ మైకు చెవి దగ్గరే ఆగిపోతుంది. కాడ మైకున్న హెడ్‌సెట్‌లో అది పెదవి అంచుకు రెండు వేళ్ల దూరానికి వస్తుంది. సరిగ్గా నోటి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు పెట్టుకోండి, ఊపిరి బుసబుసలు మైకులో పడవు.

నేనైతే మీ రెండు వేలను రెండుగా పంచుతాను. ఉద్యోగానికి వెయ్యి, పన్నెండు వందల్లో కాడ మైకున్న తీగ హెడ్‌సెట్. దానికి చార్జింగ్ గొడవ లేదు, కాల్ మధ్యలో తెగిపోదు. మిగిలినదాంతో పాటలకు ఓ నెక్‌బ్యాండ్. రెండు పనులకూ ఒక్క వైర్‌లెస్సే కావాలనుకుంటే ఇంకాస్త డబ్బు పోగయ్యేదాకా ఆగి, కాడ మైకూ మ్యూట్ బటనూ ఉన్నది తీసుకోండి.

కొన్నాక వాపసు గడువు తీరకముందే, పక్కింట్లో పని జోరుగా సాగుతున్నప్పుడు స్నేహితురాలికి ఫోన్ చేసి ఎలా వినిపిస్తోందో అడగండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌తో పరీక్షించవద్దు. కొన్ని ఫోన్లు దాన్ని ఫోన్ మైకుతోనే రికార్డు చేస్తాయి, హెడ్‌సెట్ సంగతి తేలదు.

బ్లూటూత్ హెడ్‌సెట్ కొన్న. ల్యాప్‌టాప్‌ల పాటలు ఇంటున్నంతసేపు మంచిగనే ఉంటది. ఆఫీసు మీటింగుల చేరంగనే బాయిలకెల్లి మాట్లాడినట్టు అయితది. దుకాణపాయన మార్చి ఇచ్చిండు, కొత్తది గూడ గదే తీరు. రెండుసార్లు పాడైందే అంటగట్టిండా?
*— ఓ పాఠకుడు, మహబూబాబాద్*

దుకాణపాయన తప్పేమీ లేదు, రెండూ మంచివే. బ్లూటూత్‌లో పాటకు ఒక బాట, ఫోన్ మాటకు మరో బాట. పాటల బాట ఒకవైపే నడుస్తుంది, రెండు చెవులకూ స్టీరియో వస్తుంది. మైకు తెరుచుకోగానే మాట అటూ ఇటూ పోవాలి కాబట్టి ల్యాప్‌టాప్ పాటల బాట వదిలి రెండోదానికి మారుతుంది. అందులో ధ్వని మోనో. పాత పద్ధతిలో సెకనుకు 8 వేల శాంపిళ్లు, మెరుగైనదాంట్లో 16 వేలు. సీడీ పాటలో 44,100 ఉంటాయి. ఆ తేడానే మీకు వినిపిస్తున్నది.

దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం ఉంది. జూమ్ అయినా టీమ్స్ అయినా, మీటింగ్‌లో సౌండ్ సెట్టింగులు తెరవండి. స్పీకర్ దగ్గర హెడ్‌సెట్‌నే ఉంచి, మైక్రోఫోన్ దగ్గర ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకోండి. హెడ్‌సెట్ మైకుతో పని లేకపోయేసరికి అది పాటల బాటలోనే ఉండిపోతుంది. కొన్ని విండోస్ ల్యాప్‌టాప్‌లలో ఒకే హెడ్‌సెట్ రెండు పేర్లతో కనిపిస్తుంది. స్పీకర్‌గా ‘స్టీరియో’ అన్నది తీసుకోండి, ‘హ్యాండ్స్‌ఫ్రీ’ అన్నది వదిలేయండి. చిక్కల్లా ఒకటే, ల్యాప్‌టాప్ మైకు గదంతా వింటుంది. మీ ఇల్లు కాజీపేట - విజయవాడ లైను పక్కనే అయితే గూడ్సు బండి పోయేదాకా మ్యూట్‌లో ఉండాల్సిందే.

మైకు తెరవగానే ధ్వని తగ్గిపోయే లోటు తీర్చడానికే ఎల్ఈ ఆడియో అనే కొత్త పద్ధతి వచ్చింది. దానికి పునాది బ్లూటూత్ 5.2తో పడింది. అయితే హెడ్‌సెట్, ల్యాప్‌టాప్ రెండింటిలోనూ అది ఉండాలి. డబ్బా మీద 5.3 అని ఉన్నంత మాత్రాన అది ఉన్నట్టు కాదు. ఆ అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ ఒకేసారి కలిసే మల్టీపాయింట్ ఉందేమో చూడండి, ఉద్యోగస్తులకు రోజూ అక్కరకొచ్చేది అదే. సోనీ డబ్ల్యూహెచ్-సీహెచ్520లో అది ఉంది. ఏఎన్‌సీ లేదు, కాడ మైకూ లేదు, నిశ్శబ్దంగా ఉండే గదికి చాలు.

సింగరేణిలో పని. బస్సులో పోతూ వస్తూ పాటలు వింటాను. డ్యూటీలో కూడా ఒక చెవికి పెట్టుకోవచ్చా? చెమటకూ బొగ్గు దుమ్ముకూ తట్టుకునేది చెప్పండి.
*— ఓ కార్మికుడు, భూపాలపల్లి*

డ్యూటీలో వద్దు. భూగర్భ గనిలో మీథేన్ ఉండొచ్చు, అందుకే నిప్పురవ్వ పుట్టదని పరీక్షించి అనుమతించిన పరికరాలనే దింపనిస్తారు. బజారు హెడ్‌సెట్ బ్యాటరీకి ఆ అనుమతి ఉండదు. ఓపెన్‌కాస్ట్‌లోనైతే వెనక్కి వస్తున్న డంపర్ హారన్ మీకు రెండు చెవులా వినపడాలి.

బస్సు సంగతికి వద్దాం. చెమటకు ఐపీఎక్స్4 చాలు. కానీ ఆ పేరులో ఎక్స్ ఉన్న చోటు దుమ్ముది. ఎక్స్ అని రాశారంటే దుమ్ముకు రేటింగ్ ఇవ్వలేదని అర్థం. మీరు ఐపీ54 గానీ ఐపీ55 గానీ వెతకండి, అందులో మొదటి 5 దుమ్ముకు సంబంధించిన అంకె. ఇయర్‌బడ్స్‌కు ఈ రేటింగ్ ఉన్నా వాటి చార్జింగ్ డబ్బీకి చాలాసార్లు ఉండదు, దుమ్ము చేరేదేమో అక్కడే. అందుకని మీకు డబ్బీ అక్కర్లేని నెక్‌బ్యాండే మేలు, చెవిలోంచి జారినా మెడ మీదే ఉంటుంది. ధ్వని వచ్చే జాలీని తడిగుడ్డతో తుడవకండి, బొగ్గు పేస్టులా మారి రంధ్రాలు మూసుకుంటాయి. పొడి టూత్‌బ్రష్‌తో, జాలీని కిందికి వంచి దులపండి.

ఒక మాట గట్టిగానే చెప్పాలి. పెద్దవాళ్ల చెవికి వారానికి 80 డెసిబెల్స్ వద్ద 40 గంటలు హద్దు అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, 90కి చేరితే మిగిలేది వారానికి నాలుగు గంటలే. యంత్రాల రొదలో మీ చెవులకు ఆ కోటా షిఫ్టులోనే చాలావరకు ఖర్చయిపోతుంది. బస్సు మోతను మించి వినాలని సౌండ్ పెంచే బదులు, చెవికి బిగుతుగా పట్టే రబ్బరు మూత మార్చుకోండి. డబ్బాలో మూడు సైజులు ఇస్తారు, చాలామంది రెండోది తెరిచి కూడా చూడరు.

కొత్త నెక్‌బ్యాండ్ ఫోన్ చార్జర్‌తో చార్జ్ ఎక్కడం లేదు. మార్కెట్లో చవగ్గా తీసుకున్నాను. నకిలీదా?
*— ఓ డిగ్రీ విద్యార్థి, జనగామ*

మీ చార్జర్ తీగకు రెండు కొసలా సీ-టైపే ఉందా? అయితే అనుమానం నెక్‌బ్యాండ్ పోర్టు మీదే. చవక సరుకులో కొందరు తయారీదారులు సీ పోర్టు లోపల ఉండాల్సిన రెండు చిన్న రెసిస్టర్లను మిగుల్చుకుంటారు. అవి లేకపోతే చార్జర్‌కు అవతల ఏదో ఉందని తెలియదు, కరెంటు వదలదు. పాత వెడల్పు యూఎస్‌బీ చార్జర్‌తో, డబ్బాలో వచ్చిన పొట్టి తీగతో పెట్టి చూడండి, ఎక్కుతుంది.

నకిలీ సంగతి తేలాలంటే డబ్బా మీద బీఐఎస్ గుర్తు కింద ఆర్‌తో మొదలయ్యే నంబరు చూడండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ కంపెనీదో, ఏ సరుకుదో వస్తుంది. హెడ్‌సెట్ మీద ఒక పేరు, యాప్‌లో సంబంధం లేని ఇంకో సరుకు కనిపిస్తే దుకాణంలో వాపసు అడగండి. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. బిల్లు ఉంచుకున్నారు కదా?