కూరిన మిరపకాయ

గుంతకల్లునుండి బెంగళూరునకు పోవు రైలుమార్గమున ధర్మవరము, పెనుకొండ, హిందూపురము ఒకదాని తరువాత నొకటి వచ్చును. ఈ మూడు పట్టణములును పూర్వము అనంతపురము జిల్లాలోనివి. 2022వ సంవత్సరము ఏప్రిలు నెలలో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఇప్పుడున్నవి. ధర్మవరము పట్టుచీరలకును, పెనుకొండ కోటకును, హిందూపురము చింతపండు, ఎండుమిరపకాయల వ్యాపారమునకును పేరువడినవి. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క ఘనత కలదు. కాని సాయంకాలము నాలుగు గంటలు దాటిన పిమ్మట ఈ మూడు ఊళ్లలో ఏ వీథిమూలకు పోయినను ఒకే వాసన వచ్చును. అది నూనెలో కాగుచున్న మిరపకాయ బజ్జి వాసన.

ఈ సీమలో బజ్జిని ఒంటరిగా తినుట తక్కువ. దానికి ఉగ్గాని తోడుండవలెను. బొరుగులను నీటిలో తడిపి, పిండి, ఉల్లిపాయలతో తాలింపుపెట్టి, పసుపు వేసి, వేయించిన పప్పులపొడి చల్లినచో ఉగ్గాని యగును. కన్నడమున తాలింపును ‘ఒగ్గరణె’ యందురు. ఆ మాటకును ఉగ్గానికిని గల పోలిక చెవికే తెలియుచున్నది. హిందూపురమునకు కన్నడదేశము పొరుగు. సంతలో రెండు భాషలును వినబడును. పొరుగువారి మాట మన పళ్లెములోనికి వచ్చి తెలుగుమాటయై కూర్చుండుట వింత కాదు.

మాటల ప్రసంగము వచ్చినది గనుక ‘మిరపకాయ’ యను మాటనుగూర్చియు కొంచెము చెప్పవలెను. భాష బోధించినవాడు దీనిని విడిచి ముందునకు పోజాలడు. మిరియము మన దేశపు వస్తువు. మిరపకాయ అట్టిది కాదు. క్రొత్తగా వచ్చిన కాయ మిరియమువలె కారముగా నుండుటచే మనవారు దానికి మిరియపు పేరునే తగిలించిరి. తమిళులును ఇట్లే చేసిరి. వారికి మిరియము ‘మిళగు’, మిరపకాయ ‘మిళగాయ్’. కన్నడిగులకు మిరియము ‘మెణసు’, మిరపకాయ ‘మెణసినకాయి’. మూడు భాషలవారును ఒకరినొకరు అడుగకయే ఒకే త్రోవను నడచిరి. వింటిరా! పేరును బట్టియే ఏది ముందు వచ్చినదో, ఏది వెనుక వచ్చినదో తెలియుచున్నది.

మిరప మెక్సికో మొదలగు అమెరికా దేశముల మొక్క. అచ్చటివారు దానిని ఆరువేల యేండ్లకు పూర్వమే ఎఱుగుదురు. 1492లో కొలంబసు మిరియములు దొరకు దేశములను వెదకుచు పోయి, మిరియములకు బదులు మిరపకాయలను చూచెను. పోర్చుగీసువారు 1510లో గోవాను పట్టుకొనిరి. వారి ఓడలమీద ఈ విత్తనములు మన దేశమునకు చేరినవి. దీనినిబట్టి ఒక సంగతి యోచింపుడు. శ్రీనాథుడు పదునైదవ శతాబ్దమువాడు. భోజనపదార్థముల ముచ్చట చెప్పుటలో ఆయనకు సాటి తక్కువ. అయినను ఆ మహాకవి మిరపకాయ బజ్జిని ఎఱుగడు! 1565లో తల్లికోట యుద్ధము ముగిసిన పిమ్మట విజయనగర రాజ్యమునకు పెనుకొండ రాజధాని యయ్యెను. ఆ కోటలోని వంటశాలలో పెద్దకాలము మిరియపుకారమే వాడియుందురు.

మిరపకాయ యొక్కతే రాలేదు. వేరుసెనగయు దక్షిణ అమెరికాదే. మన సీమలో దానిని చెనిక్కాయలనియు బుడ్డలనియు అందురు. అనంతపురపు ప్రాంతమున సంవత్సరమునకు పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఎఱ్ఱనేలలలో, తక్కువ తేమతో, వేరుసెనగ పండును గనుక రైతులు దానిని నమ్ముకొనిరి. వాన మోసగించిన యేడు అదియు పండదు. ఆ కష్టము వేఱు కథ. ఇచ్చట చెప్పదగినది ఇది: సముద్రమునకు ఆవల పుట్టిన రెండు పంటలు ఈ మెట్టసీమలో తిరిగి కలిసికొనినవి. మిరపకాయ కడుపులో వేరుసెనగపొడిని కూరి, వేరుసెనగ నూనెలో వేయించి మనము తినుచున్నాము.

మిరపకాయ ఏల మండును? చాలమంది గింజలలో కారమున్నదని తలతురు. అది సరికాదు. కాయను నిలువుగా చీల్చిచూచినచో గింజలు అంటుకొనియున్న తెల్లని దూది వంటి భాగము కనబడును. కాప్సైసిన్ అను ద్రవ్యము అచ్చట పుట్టును, గింజలకు అంటుకొనునంతే. మన నాలుకమీద వేడిని తెలిసికొను ద్వారములు కొన్ని కలవు. కాప్సైసిన్ వానిని తెరచును. నిప్పు లేకుండగనే నిప్పు తాకినట్లు మెదడునకు వార్త పోవును. ఈ ద్వారమును 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్ అను శాస్త్రజ్ఞునకు 2021లో నోబెల్ బహుమానము వచ్చెను. పక్షులకు మాత్రము ఈ మంట తెలియదు. కావుననే చిలుక పండుమిరపకాయను హాయిగా తిని, గింజలను దూరదేశములకు చేరవేయును. పేరున ‘చిలుకకొఱుకుడు’ అని మనము అనునది మామిడిపండును గూర్చియే కాదని తోటవానిని అడిగిన చెప్పును.

ఇక బండివద్ద తఱచుగా జరుగునది చూడుడు. బాలుడొకడు ఆత్రముతో బజ్జిని కొఱుకును. కన్నుల నీరు తిరుగును. చెంబెడు నీళ్లు గడగడ త్రాగును. మంట తగ్గదు, నోరంతయు ప్రాకును. బండిదగ్గరనున్న అవ్వ నవ్వి, “నీళ్లు తాగితే ఇంకా ఎక్కువైతాది నాయనా, ఇంత మజ్జిగ తాగు” అనును. ఆమె రసాయనశాస్త్రము చదివినది కాదు. కాని ఆమె చెప్పినది నిజము. కాప్సైసిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరగును. పాలలోను మజ్జిగలోను ఉన్న కేసీన్ అను మాంసకృత్తు దానిని పట్టుకొని నాలుకనుండి తొలగించును.

ఈ రహస్యమును తెలిసికొన్నచో మిరపకాయను కూరుట యను విద్యకు మూలము తెలిసినట్లే. కూరుట అలంకారము కొఱకు కాదు, మంటను మాన్పుటకు. మెక్సికో దేశమున దీనిని ‘చిలె రెయెనో’ అందురు. కూరిన మిరపకాయ యనియే దాని యర్థము. ప్వేబ్లా పట్టణపు పేరు ధరించిన పెద్ద మిరపకాయను నిప్పుమీద కాల్చి, నల్లబడిన పొట్టును ఒలిచి, లోపల చీజు అను గడ్డకట్టిన పాలపదార్థమును కూరి, గిలకొట్టిన గ్రుడ్డుసొనలో ముంచి వేయింతురు. సముద్రతీరమునందలివారు చీజుతోపాటు రొయ్యలను, పీతలమాంసమును చేర్తురు. చీజులోని కేసీనును కొవ్వును కారమును అణచును. మనకు సముద్రము బహుదూరము. చీజు చేయు అలవాటు లేదు. కనుక మనవారు చేతికందిన చెనిక్కాయలతోను, చింతపండుతోను ఆ పనినే సాధించిరి. ఎండురొయ్యలు తినువారు వానిని మాడకుండ వేయించి, తలలు తీసి, పొడిచేసి, వేరుసెనగపొడిలో నాలవవంతు కలిపినచో మెక్సికోవారి రుచి కొంత మన బజ్జికిని వచ్చును. పాలు విఱిచి గుడ్డలో కట్టి నీరు కార్చిన విఱుగుడును కలుపవచ్చును. అది లోపలనుండి బయటికి కారకుండ గట్టిగా పిండుకొనవలెను.

చేయు విధమును ఇప్పుడు చెప్పెదను. ఇంట పెద్దవారు దగ్గరనుండగా మాత్రమే నూనె పని చేయవలెను.

బజ్జికి పొడవుగా, లావుగా, లేత ఆకుపచ్చగానుండు కాయలే తగినవి. సన్నని ముదురుకాయలు పనికిరావు. పండ్రెండు కాయలు తీసికొనుడు. కడిగి, గుడ్డతో తడి లేకుండ తుడువుడు. ఇది చిన్న సంగతిగా తోచును. కాని కాయమీద నిలిచిన నీటిబొట్టు కాగిన నూనెలో ఒక్కసారిగా ఆవిరియై నూనెను ముఖముమీదికి చిమ్మును. తొడిమ తీయకుడు, అదియే మీకు పిడి. ఒక ప్రక్కన మాత్రమే చీల్చి, చెంచా కాడతో లోపలి తెల్లని భాగమును గింజలతో గీకివేయుడు. కారము కావలెనన్నచో కొంచెము మిగుల్పుడు. చేతులకు ముందే నూనె రాచుకొనుడు. పని ముగిసిన తరువాత సబ్బుతో కడుగుకొనువరకు కన్నులను తాకరాదు.

వంద గ్రాముల వేరుసెనగలను వేయించి, పొట్టుతీసి, బరకగా దంచుడు. మెత్తగా రుబ్బినచో నూనె దిగి ముద్దయగును. ఉసిరికాయంత చింతపండును కొద్ది నీటిలో నానబెట్టి చిక్కని గుజ్జు తీయుడు. ఆ గుజ్జు, చెంచాడు వాము, తగిన ఉప్పు, చిటికెడు బెల్లము పొడిలో కలిపి, చేతిలో నిలుచునంత గట్టిగా చేయుడు. వామును కొందఱు పిండిలో వేయుదురు; నా మతమున కూరులో వేయుటయే మేలు. కాయను పగులునట్లు నింపరాదు. చీలిక పెదవులు మూసికొనునంత చాలును.

పావుకిలో సెనగపిండికి రెండు చెంచాల బియ్యపుపిండి చేర్చుడు. బియ్యపుపిండి కరకర నిచ్చును. ఉప్పును, చిటికెడు వంటసోడాను వేసి, నీరు కొంచెము కొంచెముగా పోయుచు కలుపుడు. పిండి గరిటెను కప్పి మెల్లగా జారవలెను. నీళ్లవలె నున్నచో కాయనంటదు. ముద్దగా నున్నచో లోపల ఉడుకదు. వంటసోడా ఎక్కువైనచో బజ్జి నూనెను పీల్చుకొనును. నాలుకకు చేదు తగులును.

నూనె కాగినదా లేదా అని చూచుటకు ఒక పిండిబొట్టు వేయుడు. అడుగున నిలిచినచో కాగలేదు; వేసినంతనే నల్లబడినచో మితిమీరినది; బుడగలతో మెల్లగా పైకి తేలినచో సరిపోయినది. తొడిమ పట్టుకొని కాయను పిండిలో ముంచి, కడాయి అంచునుండి మెల్లగా జార్పుడు. మొదట వచ్చు బుసబుస శబ్దము లోపలి తేమ ఆవిరియై పోవు శబ్దము. అది సన్నగిల్లినప్పుడు బజ్జి వేగినదని అర్థము. కన్ను కంటె చెవియే ఇచ్చట నమ్మదగినది. ఒక్కసారిగా ఎక్కువ కాయలు వేసినచో నూనె చల్లబడి బజ్జులు మెత్తబడును.

కొందఱు వేగిన బజ్జిని మరల చీల్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయను నిమ్మరసముతో కలిపి పైన కూరుదురు. అది బండివారి చమత్కారము, బాగుగనే యుండును.

బండివారి మాట వచ్చినది. ధర్మవరమున గుంటమగ్గములమీద నేయువారు పెక్కుమంది. పెద్దవానలలో మగ్గపుగుంటలోనికి నీరూరును, పట్టునూలు తేమ పట్టును, పని నిలిచిపోవును. అట్టి దినములలో కూలిలేదు. నేతకుటుంబమున నొకరు బజ్జిబండి నడిపినచో ఆ పూట ఇంట పొయ్యి వెలుగును. వానదినమున బజ్జికి గిరాకి హెచ్చగుట కూడ వారి అదృష్టమే. మగ్గమును ఆపిన వానయే బండికి గిరాకి నిచ్చుచున్నది.

కాని ఆ బండి లాభము ఎచ్చటనున్నది? పిండిలో లేదు, కాయలో లేదు. నూనెలో నున్నది. నూనె ధర పెరిగినపుడు నిన్నటి నూనెనే నేడును కాచవలెనను ఆశ పుట్టును. పలుమార్లు కాగిన నూనె నల్లబడి, చిక్కబడి, పొగ త్వరగా వచ్చును. దానిలో చెడు పదార్థములు పుట్టి ఆరోగ్యమును పాడుచేయును. అట్టి పదార్థములు నూనెలో నూటికి 25 పాళ్లు మించినచో ఆ నూనెను వంటకు వాడరాదని కేంద్ర ఆహారభద్రతా సంస్థ పెట్టిన నియమము 2018నుండి అమలులోనికి వచ్చినది. బీదవాడు నూనె పారబోయుట సులభము కాదు. తినువాని పొట్టయు రాతిది కాదు. రెంటికిని మధ్య నేర్పరి యగు బండివాడు చేయు పని యిది: చిన్న కడాయిలో కొంచెము నూనెతో మొదలుపెట్టి, తరిగినకొలది క్రొత్తనూనె పోయుచు, మాడిన పిండిరవ్వలను ఎప్పటికప్పుడు జల్లెడగరిటెతో తీసివేయుచుండును. ఆ రవ్వలే నూనెను ముందుగా పాడుచేయును. రాత్రికి అడుగున మిగులునది గరిటెడే గనుక దానిని విడుచుటకు మనసు వచ్చును. మీరు బజ్జి కొనునపుడు కడాయిలోనికి తొంగిచూడుడు. అడుగు కనబడుచున్నచో కొనుడు.

నూనె పొయ్యి లేని విధము మఱియొకటి కలదు. అందు మన పాడియే చీజు పని చేయుచున్నది. వేసవిలో మిరపకాయలను చీల్చి, ఉప్పు కలిపిన పుల్లమజ్జిగలో రాత్రియంతయు నానబెట్టుదురు. తెల్లవారిన తరువాత కాయలను తీసి ఎండబెట్టి, సాయంకాలము మరల అదే మజ్జిగలో వేయుదురు. మజ్జిగ ఇంకిపోవువరకు ఇట్లు దినదినమును చేయుదురు. కాయలోనికి ఉప్పును పులుపును ఎక్కును, కారము మెత్తబడును, ఆకుపచ్చ తెల్లబడి పాలరంగు వచ్చును. ఇవియే ఊరమిరపకాయలు. మన సీమ ఎండకు వీనిని మించిన పని లేదు. గలగలలాడునట్లు ఎండినవానిని జాడీలో పోసి మూతకట్టినచో వానకాలము దాటి నిలుచును. కూర లేని పూట నాలుగు కాయలు వేయించి, రాగిసంకటి ప్రక్కన పెట్టినచో ముద్ద దిగును.