బలానికి గ్లూకోజు బాటిల్: అందులో ఏముంది?

"డాక్టరమ్మగారూ, ఒళ్లంతా నీరసంగా ఉంది. ఒక గ్లూకోజు బాటిల్ పెట్టి, బలం ఇంజెక్షన్ చేయండి." మా ఓ.పి.లో తరచుగా వినే మాట ఇది. అవసరం లేదంటే కొందరు నొచ్చుకుంటారు. అడిగిన వెంటనే పెట్టే చోటికి వెళ్లిపోయేవారు కూడా ఉన్నారు. అందుచేత మేము ఎందుకు వద్దంటామో ఇక్కడ వివరిస్తున్నాము.

అర లీటరు 5 శాతం గ్లూకోజు బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. అంటే ఐదారు చిన్న చెంచాల పంచదారతో సమానం. రెండు ఇడ్లీలు తిన్నా అంత శక్తి వస్తుంది. మామూలు సెలైన్‌లో ఆ చక్కెర కూడా ఉండదు. అర లీటరుకు నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగిలినదంతా నీరే. దీనికోసం ఒక రోజు కూలి డబ్బు ఖర్చు పెట్టడం చూస్తే మాకు బాధగా ఉంటుంది.

"పెట్టించుకున్న తరువాత హాయిగా ఉంటుంది కదా" అంటారు. నిజమే. పనులన్నీ మాని గంటా రెండు గంటలు మంచం మీద పడుకుంటే, ఇంటివారు పక్కన కూర్చుంటే ఎవరికైనా హాయిగానే ఉంటుంది. కొన్నిచోట్ల అయితే బాటిల్‌లో స్టెరాయిడ్ మందు కూడా కలుపుతారు. అప్పటికి నొప్పులు పోయి హుషారు వస్తుంది. కాని షుగర్ పెరుగుతుంది, అసలు జబ్బు దాగిపోతుంది.

మా భయమంతా ఆ దాగిపోయే జబ్బు గురించే. నీరసం అనేది జబ్బు కాదు, జబ్బు చెప్పే కబురు. రక్తహీనత, షుగర్, థైరాయిడ్, క్షయ, మూత్రపిండాల జబ్బు, మనసులోని దిగులు, వీటిలో ఏదైనా కావచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను 15-49 ఏళ్ల స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. వారికి కావలసినది ఐరన్. గ్లూకోజు బాటిల్‌లో అది చుక్క కూడా ఉండదు. నెలకొక బాటిల్ పెట్టించుకుంటూ పోతే, రక్తం తగ్గుతున్న సంగతి ఆయాసం వచ్చేవరకు తెలియదు.

విటమిన్ ఇంజెక్షన్ల సంగతి కొంచెం వేరు. బి12 లోపం ఉన్నవారికి, ముఖ్యంగా కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నవారికి ఆ ఇంజెక్షన్ నిజంగా అవసరం. పూర్తి శాకాహారులకు, ఏళ్ల తరబడి షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవారికి ఈ లోపం రావచ్చు. లోపం లేనివారికి చేస్తే బి విటమిన్లు చాలావరకు మూత్రంలో పోతాయి. విటమిన్ డి అలా పోదు. పరీక్ష లేకుండా పెద్ద మోతాదు ఇంజెక్షన్లు పదేపదే చేయించుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

సూది ఏదైనా చర్మాన్ని గుచ్చి లోపలికి వెళ్లేదే. 2009లో గుజరాత్‌లోని మోడాసా ప్రాంతంలో, వాడిన సిరంజిలనే మళ్లీ వాడటం వలన హెపటైటిస్ బి వ్యాపించి ఎంతోమంది చనిపోయారు. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి సెలైన్ ఎక్కువైతే ఊపిరితిత్తులలోకి నీరు చేరుతుంది.

సెలైన్ ప్రాణం నిలిపే సందర్భాలు లేకపోలేదు. ఆగని వాంతులు, స్పృహ తప్పడం, రక్తస్రావం, ఆపరేషన్ వంటివి. అయితే మామూలు విరేచనాలకు నోటి ద్వారా తాగడమే చాలు. 1971లో బెంగాల్ సరిహద్దులోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించి సెలైన్ నిల్వలు అయిపోవచ్చాయి. డాక్టర్ దిలీప్ మహలనోబిస్ గారు ఉప్పు, గ్లూకోజు, వంట సోడా కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి తాగించారు. నూటికి ఇరవై ముప్పై వరకు ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. మనం వాడే ఓ.ఆర్.ఎస్. ఆ కోవకు చెందినదే.

ఇకమీదట నీరసమని వచ్చేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మాత్రలు వెంట తెచ్చుకోండి. ఎన్నాళ్లుగా ఉంది, బరువు తగ్గారా, రాత్రిళ్లు జ్వరం వస్తోందా, నెలసరి ఎక్కువగా అవుతోందా, ఇవన్నీ దాచకుండా చెప్పండి. ఇంట్లో ఓ.ఆర్.ఎస్. పెద్ద ప్యాకెట్ ఒకటి ఉంచుకోండి. మొత్తం ప్యాకెట్‌ను ఒకేసారి ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి, సగం సగం చేయవద్దు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపుకోండి.