చేతిలో పట్టే రైలు పెట్టె

మా భిలాయి ఉక్కు కర్మాగారంలో 260 మీటర్ల పొడవైన రైలు పట్టాలు తయారవుతాయి. ఆ పట్టాల మీద నడిచే పెట్టెను చిన్నగా చేద్దామని క్యాంప్ 1 పిల్లలం అనుకున్నాం.

హెచ్‌ఓ స్కేలు అంటే అసలు కొలతను 87తో భాగించడం. ఎల్‌హెచ్‌బీ పెట్టె పొడవు 23,540 మిల్లీమీటర్లు. భాగిస్తే సుమారు 271. టింకర్‌క్యాడ్‌లో బొమ్మ గీశాం. మా త్రీడీ ప్రింటరు 220 మిల్లీమీటర్లు దాటి చేయలేదు. అందుకే పెట్టెను రెండు సగాలు చేశాం.

చక్రాల దగ్గర పొరపాటు జరిగింది. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.3 వచ్చింది, అలాగే చేశాం. కాని బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మాత్రమే. అది చాలా దేశాల్లో ఉన్న 1,435 గేజికి లెక్క. మా పెట్టె పట్టాలెక్కలేదు! చక్రాల భాగాన్ని విడి ఫైలుగా తీసి, 16.5కు సరిచేశాం.

ఇంతలో మా జట్టులో ఒకడి నాన్నగారికి విశాఖపట్నం బదిలీ అయింది. పని ఆగిపోతుందని దిగులుపడ్డాం. ఫైలు వాడితో వెళ్లింది. ముందు సగం అక్కడే చేసి పోస్టులో పంపాడు. మా వెనుక సగానికి చక్కగా అతికింది. కొలతలు ఒకటైతే ఊళ్లు వేరైనా పని ఒకటే.

అభ్యాసం: మీ తరగతి గది పొడవును 87తో భాగించండి. అందులో మీరెంత ఎత్తుంటారు?