కంప్యూటరు ఏల ఆగినది?

తెనాలి పట్టణములో ఒక సామాన్య కుటుంబము కలదు. తండ్రి బట్టల దుకాణములో గుమాస్తా. కుమార్తె సివిల్ ఇంజనీరింగు మూడవ సంవత్సరము చదువుచుండెను. కుమారుడు ఎనిమిదవ తరగతి విద్యార్థి. నాలుగేండ్ల క్రిందట, కుమార్తె ఇంటర్మీడియటులో చేరినప్పుడు, తండ్రి తాను పొదుపు చేసిన సొమ్ముతో ఒక కంప్యూటరును, దానికి తోడుగా ఒక యూపీఎస్‌ను కొనెను. తరువాత మూడేండ్లకు మేనమామ ఒక గ్రాఫిక్స్ కార్డును కొనియిచ్చెను. దాని సాయముతో అక్క భవనముల చిత్రములను, వంతెనల చిత్రములను గీయుచుండెను. తమ్ముడు సెలవు దినములలో కార్ల పందెపు ఆట ఆడుకొనుచుండెను.

వేసవి సెలవులు వచ్చినవి. ఒకనాటి రాత్రి ఏడున్నర గంటలకు పందెము మంచి పట్టులో నున్నప్పుడు తెర నల్లబడెను. కొన్ని క్షణములకు కంప్యూటరు తనంతట తానే మొదటినుండి ప్రారంభమయ్యెను. మరునాడును అట్లే జరిగెను. మూడవనాడు అక్క ఒక వంతెన చిత్రమునకు తుదిరూపు నిచ్చుచుండగా యంత్రము ఆగిపోయి, గంటసేపు చేసిన పని నశించెను. పదునైదు దినములలో ఆ చిత్రమును కళాశాలలో సమర్పింపవలసి యుండెను.

తండ్రి ఒక మరమ్మతుదారును పిలుచుకొని వచ్చెను. అతడు యంత్రమును విప్పి చూడకయే, “కార్డు పోయినది. క్రొత్తది వేయవలెను. 20,000 రూపాయలు అగును” అని చెప్పి వెడలిపోయెను.

తండ్రి కుమారుని వంక చూచి, “ప్రొద్దస్తమానము ఆటలాడి యంత్రమును పాడుచేసితివి. అక్క ఫీజు కొరకు దాచిన సొమ్మును ఇప్పుడు దీనికి పెట్టవలసి వచ్చినది” అనెను. బాలుడు మారుమాట పలుకలేదు. ఆ రాత్రి వాడు పెరుగన్నము సగము తిని లేచిపోయెను.

అక్క దానిని గమనించినది. “నాన్నగారూ! నాలుగు దినములు గడువిండు. కారణము తెలియకుండ వస్తువును మార్చినచో సొమ్ము పోవును, జబ్బు మిగిలిపోవును” అని తండ్రిని వేడుకొనెను. ఆయన కొంతసేపు ఆలోచించి, “సరే, అమ్మాయీ! ఆదివారము వరకు చూడుము” అనెను.

మరునాటి ఉదయము ఆమె తమ్ముని ప్రక్కన కూర్చుండబెట్టుకొని యిట్లు చెప్పెను: “తమ్ముడూ! జ్వరము రోగము కాదు, రోగమునకు గుర్తు. యంత్రము ఆగుటయు అట్టిదే. ఆటలో ప్రాసెసరును, గ్రాఫిక్స్ కార్డును పూర్తిశక్తితో పని చేయును. అప్పుడు వేడి పెరుగును. విద్యుత్తు ఎక్కువ కావలసి వచ్చును. కనుక దాగియున్న లోపము ఏదైనను అప్పుడే బయటపడును. లోపము వేడిలో ఉండవచ్చును, విద్యుత్తులో ఉండవచ్చును, మెమొరీలో ఉండవచ్చును, కార్డును నడపు ప్రోగ్రాములో ఉండవచ్చును. ఒక్కొక్కదానినే పరీక్షింపవలెను. ఒకేసారి రెండింటిని మార్చితిమా, ఏది మేలు చేసెనో తెలియదు.”

“మరి నేను చేయవలసినది ఏమి?” అని బాలుడడిగెను.

“ఒక నోటుపుస్తకము తీసికొనుము. యంత్రము ఆగిన ప్రతిసారి గడియారము చూచి వేళను వ్రాయుము. అప్పుడు చేయుచున్న పనిని, కనబడినదానిని, వినబడినదానిని వ్రాయుము. ఆగని వేళలను గూడ వ్రాయుము.”

బాలునికి ఈ పని చిన్నదిగా తోచెను. అక్క అది గ్రహించి ఒక వృత్తాంతము చెప్పెను. 1947 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయములో మార్క్ టూ అను కంప్యూటరు సరిగా పని చేయలేదు. అది విద్యుత్తుచే మూసికొని తెరచుకొనెడి రిలేలతో నడచు పెద్ద యంత్రము. వెదకగా, ఒక రిలేలో రెక్కలపురుగు చిక్కుకొని యుండెను. అచట పని చేయువారు దానిని పారవేయలేదు. వేళను వ్రాసి, ఆ పురుగును తమ దినచర్య పుస్తకములో అంటించిరి. గ్రేస్ హాపర్ అను ప్రసిద్ధ శాస్త్రవేత్త ఆ బృందములోనిదే. ఆ పుస్తకము నేటికిని స్మిత్సోనియన్ సంస్థ వస్తుప్రదర్శనశాలలో భద్రముగ నున్నది. “చూచితివా! అంతటి పండితులును ఊహించి ఊరకుండలేదు, చూచినది వ్రాసిరి” అని ఆమె ముగించెను. బాలుడు వెంటనే నోటుపుస్తకమునకు అట్ట వేసెను.

మొదట వేడిని పరీక్షించిరి. ప్రాసెసరు వేడి 100 డిగ్రీల సెల్సియసునకు చేరువైనప్పుడు అది తన వేగమును తానే తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గక మితిమీరినచో, కాలిపోకుండుటకై యంత్రము ఆగిపోవును. వారు స్విచ్చు ఆపి, ప్లగ్గును ఊడదీసి, పెట్టె మూత తెరచిరి. రెక్కలు తిరుగకుండ వ్రేలితో పట్టుకొని, ఫ్యానులకు పట్టిన దుమ్మును మెత్తని కుంచెతో తుడిచిరి. విద్యుత్తును మార్చి యిచ్చెడి పవర్ సప్లై డబ్బాను మాత్రము అక్క విప్పనీయలేదు. “ప్లగ్గు తీసినను దీనిలోని కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి యుండును. దీనిని మనము ముట్టరాదు” అని హెచ్చరించెను. అంతకు ముందు ఆటలో 86 డిగ్రీలున్న వేడి 74 డిగ్రీలకు దిగెను. అయినను ఆ రాత్రి యంత్రము మరల ఆగెను. కనుక దోషము వేడిది కాదు.

రెండవనాడు విండోస్ తనలో తాను వ్రాసికొనెడి సంఘటనల పట్టికను తెరచిరి. యంత్రము ఆగిన ప్రతిసారి అందు 41 అను సంఖ్య గల సూచన యుండెను. బాలుడు సంతోషముతో, “అక్కా! కారణము దొరకినది” అనెను. అక్క నవ్వి, “లేదు. యంత్రము సక్రమముగ మూయబడకుండ ఆగినదని మాత్రమే దాని యర్థము. తలుపు పగిలినదని చెప్పును గాని, పగులగొట్టినవాడెవడో చెప్పదు” అనెను. ఆ రాత్రి మెమొరీని పరీక్షించు ప్రోగ్రామును నడిపిరి. దానిలో తప్పేదియు కనబడలేదు.

మూడవనాడు ఆమె తమ్ముని నోటుపుస్తకము తెరచెను. ఉదయము రెండు గంటలు ఆట ఆడినను యంత్రము ఆగలేదు. ఆగినవన్నియు రాత్రి ఏడు గంటలకును తొమ్మిది గంటలకును నడుమనే. అదే వేళ ఉత్తరములు వ్రాసినప్పుడు ఆగలేదు. ఒక పంక్తి క్రింద బాలుడు ఇట్లు వ్రాసియుండెను: “బల్లక్రింద టక్కుమను చప్పుడు. తెరకున్న చిన్న దీపము గూడ ఆరినది.”

అక్క ఆ పంక్తిని రెండుమార్లు చదివెను. “తమ్ముడూ! దొంగ దొరకినాడు. కార్డు చెడినచో తెరపై బొమ్మ పోవునే గాని, తెర దీపము ఆరదు. తెరకు విద్యుత్తు కార్డునుండి రాదు. తెరకును కంప్యూటరునకును కలిసి విద్యుత్తు నిచ్చునది యూపీఎస్ ఒక్కటే” అనెను.

ఆ యూపీఎస్ 600 వోల్ట్ యాంపియర్లది. దానిపై 360 వాట్ల వరకు భారము మోయగలదని వ్రాసియున్నది. ఆటలో ప్రాసెసరునకు 65, కార్డునకు 150, తెరకు 25, తక్కినవానికి 40 వాట్ల చొప్పున మొత్తము సుమారు 280 వాట్లని అక్క లెక్క వేసెను. భారము మితిలోనే యున్నది. అయినచో తప్పు దానిలోని బ్యాటరీదై యుండవలెను. యూపీఎస్‌లోని సీసపు బ్యాటరీ సాధారణముగ మూడు మొదలు ఐదేండ్ల వరకు పని చేయును. దీనికి నాలుగేండ్లు నిండినవి.

ఊహ సరిపోయినను ఆమె పరీక్షింపక విడువలేదు. ఉత్తరము వ్రాయుచుండగా యూపీఎస్‌కు విద్యుత్తు నిచ్చు గోడ స్విచ్చును ఆపెను. యంత్రము నడచుచునే యుండెను. మరల స్విచ్చు వేసి, ఆట మొదలిడి, తిరిగి ఆపెను. టక్కుమను చప్పుడుతో తెరయు కంప్యూటరును ఒక్కసారే ఆరిపోయినవి. స్విచ్చు వేయగానే కంప్యూటరు తానే మొదలయ్యెను. విద్యుత్తు వచ్చినప్పుడు తానే ప్రారంభమగునట్లు దానిని కొన్ననాడే అమర్చియుండిరి.

అంతయు తేటపడెను. రాత్రివేళ వీధిలో నీటి మోటార్లు తిరుగుటచే వోల్టేజి పడిపోవుచుండెను. అప్పుడు యూపీఎస్ బ్యాటరీకి మారుచుండెను. వయసు మీరిన బ్యాటరీ చిన్న భారమును మోయగలిగెను గాని, ఆట భారమునకు కుంగిపోయెను. ఉదయము వోల్టేజి బాగుండుటచే ఆట సాగెను. ఆట ఒక్కటియే కారణము కాదు. వోల్టేజి ఒక్కటియే కారణము కాదు. రెండును కలిసిన వేళనే యంత్రము ఆగుచుండెను.

ఆదివారము తండ్రి సుమారు 1,000 రూపాయలకు క్రొత్త బ్యాటరీని తెచ్చెను. సీసము నేలకును నీటికిని విషము వంటిది గనుక పాతదానిని చెత్తలో వేయక దుకాణములోనే అప్పగించెను. బ్యాటరీని మార్చిన పిదప అక్క ఆట నడుచుచుండగా గోడ స్విచ్చును మరల ఆపెను. యంత్రము ఆగలేదు. ఆ రాత్రి ఏడున్నర గంటలకు బల్లక్రింద టక్కుమను చప్పుడు వినబడెను. వంతెన చిత్రము తెరపై నిలిచియే యుండెను.

తండ్రి నోటుపుస్తకము తీసికొని మొదటినుండి చివరివరకు చదివెను. తరువాత కుమారుని దగ్గరకు పిలిచి, “నిన్ను ఊరక నిందించితినిరా, అబ్బాయీ!” అని వాని తల నిమిరెను. ఫీజు సొమ్ము బీరువాలోనే భద్రముగ నుండెను.

తొందరపడి దోషమెంచుట సులభము. ఓర్పుతో దోషమును వెదకుట కష్టము. ఆ కష్టమునకు ఓర్చినవారికే నిజము చిక్కును. బాలుడు ఆ పుస్తకమును పారవేయలేదు. చివరి పుటలో, “బ్యాటరీ మార్చిన తేదీ” అని వ్రాసి, దాని యెదుట ఆనాటి తేదీని వేసి, కంప్యూటరు బల్లమీదనే ఉంచెను.