కడుపున పుట్టకపోయినా అన్నదమ్ములే

ఈరోజు ఒక నవల కథ చదువుదాం. నవల అంటే పెద్ద కథ. ఈ నవల పేరు 'మాలపల్లి'. రాసినాయన ఉన్నవ లక్ష్మీనారాయణ. గుంటూరు ప్రాంతం ఆయనది. తెల్లదొరల పాలనను ఎదిరించి జైలుకు పోయాడు. 1922లో జైల్లోనే ఈ కథ రాశాడు.

మాలపల్లిలో రామదాసు అనే రైతు ఉన్నాడు. మంచివాడు, భక్తుడు. భార్య మహాలక్ష్మి. కొడుకులు వెంకటదాసు, సంగదాసు. కూతురు జ్యోతి.

సంగదాసు ఊర్లో చౌదరయ్య ఇంట్లో పనికి ఉన్నాడు. చౌదరయ్య భూములున్న ఆసామి. ఆయన కొడుకు రామానాయుడు. కులాలు వేరు. ఒకరు యజమాని బిడ్డ, ఒకరు పాలేరు. అయినా ఇద్దరూ అన్నదమ్ముల్లాగా మెలిగారు. మంచీ చెడ్డా కలిసి మాట్లాడుకున్నారు. కులం అడ్డుగోడ వాళ్ల మధ్య నిలవలేదు.

సంగదాసు కూలోళ్ల తరపున నిలబడ్డాడు. కష్టానికి తగిన కూలి ఇయ్యాలన్నాడు. అంటరానితనం పోవాలన్నాడు. చౌదరయ్యకు కోపం వచ్చింది. ఆ కోపంలో సంగదాసును కొట్టాడు. ఆ దెబ్బకు సంగదాసు చనిపోయాడు.

ఇప్పుడు రామానాయుడి గతి ఏమి? చంపింది కన్నతండ్రి. పోయింది తోడబుట్టినోడి లాంటి స్నేహితుడు. ఆయన స్నేహితుడి ఆశయాన్నే పట్టుకున్నాడు. రక్తసంబంధం ఒక పక్క, న్యాయం ఒక పక్క ఉంటే, న్యాయం పక్కకు పోయాడు.

అన్న వెంకటదాసు దారి వేరు. ఆయన దొంగల గుంపు కట్టాడు. ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పంచాడు. చివరికి జైలు పాలయ్యాడు. ఒక తల్లి బిడ్డలే, ఒకే అన్యాయం చూశారు. కానీ చెరొక దారి పట్టారు.

ఈ పుస్తకం చూసి ఆనాటి మద్రాసు ప్రభుత్వం భయపడింది. చదవకూడదని నిషేధించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక ఆ నిషేధం పోయింది. చూశారా! తుపాకీ లేదు, కత్తి లేదు. ఒట్టి కథకే దొరలు భయపడ్డారు. ఇంకో సంగతి. ఈ నవలలో మనుషులు పల్లెల్లో మాట్లాడే మాటలే మాట్లాడతారు. మన నోటి మాట కూడా పుస్తకానికి పనికొస్తుంది.

లక్ష్మీనారాయణ కథ రాసి ఊరుకోలేదు. ఆయన, ఆయన భార్య లక్ష్మీబాయమ్మ గుంటూరులో ఆడపిల్లల చదువు కోసం శారదానికేతనం నడిపారు. మొగుడు పోయిన చిన్నపిల్లలకు మళ్లీ పెళ్లిళ్లు చేయాలని పాటుపడ్డారు. దిక్కులేని ఆడబిడ్డకు చదువు ఒక పుట్టిల్లయింది.

నవల వచ్చి నూరేండ్లు దాటింది. 1950లో మన రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాలను అరికట్టే చట్టం వచ్చింది. కులం పేరుతో అవమానించినా, కొట్టినా కేసు పెట్టొచ్చు. చట్టం కాగితం మీద ఉంది. దాన్ని ఇంటి గడప దాటించాల్సింది మనమే.

చిలమత్తూరు పక్క పల్లెల్లో శనక్కాయ చేలో కలుపు తీసేటప్పుడు అందరం ఒక సాలులో నడుస్తాం. పొదుపు సంఘంలో ఒకే చాప మీద కూర్చుంటాం. మరి ముద్ద తినేటప్పుడు? నీళ్లు తాగేటప్పుడు? కష్టానికి కలిసినోళ్లం సంగటి ముద్ద కాడ ఎందుకు విడిపోవాలి?

ఆలోచించండి, మాట్లాడుకోండి
1. రామానాయుడు చేసింది సరైనదేనా? ఎందుకు?
2. వెంకటదాసు, సంగదాసు – ఎవరి దారి మంచిది?
3. మీ సంఘంలో అందరూ అందరి ఇండ్లలో నీళ్లు తాగుతారా? లేకపోతే ఎవరు మొదలుపెట్టాలి?
4. కష్టంలో మీకు సొంత మనిషిలా నిలిచిన పరాయి మనిషి ఎవరు? ఆమె పేరు పలక మీద రాయండి.

కొత్త మాటలు
నిషేధం – కూడదని ఆపడం
ఆశయం – సాధించాలనుకున్న మంచి పని
రాజ్యాంగం – దేశం నడవడానికి రాసుకున్న పెద్ద చట్టం