బీఎడ్, బడి, ఇంటర్న్‌షిప్: మీ ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మేడం, నేను ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. లెక్కల టీచర్ కావాలని నా కోరిక. ఇంట్లో మాత్రం ‘ముందు ఇంజినీరింగ్ చెయ్యి, అది కుదరకపోతే బీఎడ్ చూద్దాం’ అంటున్నారు. నాలుగేళ్ల బీఎస్సీ బీఎడ్ ఉందట. డిగ్రీ చేశాక బీఎడ్ చేయడానికీ దీనికీ తేడా ఏమిటి? ఎలా చేరాలి?
- ఓ విద్యార్థిని, టెక్కలి

జవాబు: అమ్మా, ‘అది కుదరకపోతే’ అన్న మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఏదీ దొరకని వాళ్లు చేరే ఉద్యోగంగా టీచర్ పనిని చూసినంతకాలం నష్టపోయేది మన పిల్లలే. పదిహేడేళ్లకే నీకు ఏం కావాలో తెలిసింది. ఆ సంగతి అమ్మానాన్నలకు నెమ్మదిగా, గట్టిగా చెప్పు.

మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల బీఎడ్ కలిపితే ఐదేళ్లు. ఇంటిగ్రేటెడ్ కోర్సు నాలుగేళ్లలో, అంటే ఎనిమిది సెమిస్టర్లలో అయిపోతుంది. ఏడాది కలిసిరావడం ఒక్కటే లాభం కాదు. ఇందులో సబ్జెక్టూ, బోధనా పక్కపక్కనే నడుస్తాయి. నువ్వు కాలేజీలో కాలిక్యులస్ నేర్చుకుంటున్న రోజుల్లోనే, ఏడో తరగతి పిల్లలు బీజగణితంలో ఎక్కడ తడబడతారో కళ్లారా చూస్తావు. డిగ్రీ అయ్యాక వెళ్లేవాళ్లకు ఈ రెండూ విడివిడిగా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. ఎన్‌సీఈఆర్‌టీ 1963లో మైసూరులో మొదలుపెట్టిన ప్రాంతీయ విద్యా సంస్థ దక్షిణాది రాష్ట్రాల పిల్లలకు దశాబ్దాలుగా నాలుగేళ్ల కోర్సు నడిపింది. క్యాంపస్‌లోనే ఒక బడి కూడా ఉంది. 2030 నాటికి టీచర్‌కు కనీస అర్హత నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఎడ్ కావాలని 2020 జాతీయ విద్యా విధానం లక్ష్యం పెట్టుకుంది. ఆ ప్రకారమే ‘ఐటెప్’ పేరుతో 2023-24లో 57 సంస్థల్లో పైలట్‌గా కోర్సు మొదలైంది. ప్రవేశానికి జాతీయ స్థాయిలో ఎన్‌టీఏ జరిపే ‘ఎన్‌సెట్’ రాయాలి. తెలుగులోనూ రాయొచ్చు. మీ జిల్లాలోనే ఎచ్చెర్లలో డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ యూనివర్సిటీ ఉంది. తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, వరంగల్ ఎన్ఐటీ కూడా చూడు. నువ్వు చేరే ఏడాది ఎక్కడ ఏ సబ్జెక్టుకు సీట్లున్నాయో ప్రకటనలోనే సరిచూసుకో.

ఇంకో మాట. ఇంటర్ పరీక్షలు మార్చిలో అయిపోతాయి. బడులు ఏప్రిల్ మూడో వారం దాకా నడుస్తాయి. మీ ఊరి హైస్కూల్ హెచ్‌ఎంను అడిగి, ఒక వారం ఆరో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చో. మధ్యాహ్నం రెండింటికి, అన్నాలు తిన్నాక, నలభై మంది పిల్లలుండే గది ఎలా ఉంటుందో చూశాక కూడా టీచర్ కావాలనే అనిపిస్తే ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

ప్రశ్న: బీఎడ్ పూర్తి చేశాను. ఎస్జీటీ పోస్టులకు దరఖాస్తు చేయవచ్చా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.
- ఓ నిరుద్యోగి, మిర్యాలగూడ

జవాబు: కుదరదండీ. ఎస్జీటీలు చెప్పేది ప్రైమరీ తరగతులకు. 2018లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) బీఎడ్ వాళ్లకు ప్రైమరీ తరగతుల్లోనూ అవకాశమిచ్చింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది చెల్లదని తేల్చింది. ఒకటి నుంచి ఐదు తరగతులకు డీఎల్‌ఈడీ, టెట్ పేపర్-1 ఉండాలి. మీరు పేపర్-2 రాసి స్కూల్ అసిస్టెంట్ పోస్టులకు ప్రయత్నించండి. ఒకసారి టెట్ పాసైతే సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది.

ఏ పోస్టులు ఎక్కువగా పడతాయన్నది నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంది. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు 6,508 ఎస్జీటీలే. స్కూల్ అసిస్టెంట్లు 2,629. ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో మాత్రం 16,347 పోస్టుల్లో స్కూల్ అసిస్టెంట్లవే ఎక్కువ. అందుకే పాత నోటిఫికేషన్ చూసి చదువు మానుకోకండి.

ప్రశ్న: మేడం, నేను లెక్కలు సబ్జెక్టుగా బీఎస్సీ బీఎడ్ చివరి ఏడాదిలో ఉన్నాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంటర్న్‌షిప్ వేశారు. వెళ్లిన మూడో రోజు నుంచీ ఎవరు సెలవు పెట్టినా ఆ పీరియడ్ నాకే వస్తోంది. మిగతా టైమంతా లెసన్ ప్లాన్లు, రికార్డులు, చార్టులు రాయడంతోనే సరిపోతోంది. మా లెక్చరర్ వచ్చే రోజు మాత్రం, అంతకుముందే చెప్పేసిన పాఠాన్ని మళ్లీ చక్కగా చెబుతాం. పిల్లలకు జవాబులు ముందే తెలుసు. పదహారు వారాలు ఇలాగే గడిస్తే నేను నేర్చుకునేది ఏముంటుంది?
- ఓ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రికార్డు నిండితే చాలనుకునే వాళ్ల మధ్య ఉండి ‘నేను నేర్చుకునేది ఏముంటుంది’ అని అడుగుతున్నావు చూడు, అందుకే నీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు హెచ్‌ఎం దగ్గరికి వెళ్లు. ఫిర్యాదులా వద్దు, టైమ్‌టేబుల్ చేత్తో పట్టుకుని వెళ్లు. ‘సార్, ఏడో తరగతి లెక్కలు ఒక యూనిట్ మొత్తం, మొదటి పీరియడ్ నుంచి యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దేదాకా, నేనే చెబుతాను. మిగతా రోజుల్లో ఎవరు రాకపోయినా ఆ క్లాసులకు వెళ్తాను’ అని అడుగు. చాలామంది ఒప్పుకుంటారు. బడిలో పోస్టులు ఖాళీగా ఉన్నప్పుడు ఇంటర్న్‌ను ఖాళీ పీరియడ్లకు పంపడం హెచ్‌ఎంకు అవసరమే తప్ప నీ మీద కోపం కాదు. విడివిడిగా ఇరవై పాఠాలు చెప్పినదానికన్నా ఒకే తరగతితో ఒక యూనిట్ సాంతం నడపడం వల్ల వచ్చే అనుభవం ఎక్కువ. సోమవారం నువ్వు చెప్పింది గురువారానికి ఎంత మిగిలిందో అప్పుడే తెలుస్తుంది.

ఎవరో సెలవు పెడితే నీకొచ్చిన పీరియడ్‌ను కూడా ఊరికే పోనివ్వకు. పిల్లల నోటు పుస్తకాలు తీసి చూడు. నువ్వు లెక్కలమ్మాయివి కాబట్టి ఒక ఉదాహరణ చెబుతాను. అర, మూడో వంతు కలపమంటే చాలామంది పిల్లలు పైవి పైవీ, కిందవి కిందవీ కలిపి రెండు బై అయిదు అని రాస్తారు. రికార్డు కోసం పాఠం చెప్పే ఇంటర్న్ అది కొట్టేసి, బోర్డు మీద క.సా.గు. పద్ధతి వేసి, రాసుకోమంటుంది. పిల్లవాడు రాసుకుంటాడు, వారం తిరిగేసరికి మళ్లీ రెండు బై అయిదే వేస్తాడు. అలా కాక వాణ్ని పిలిచి, ‘అర చపాతీ తిన్నావు, ఇంకో మూడో వంతు కూడా తిన్నావు. మొత్తం తిన్నది అర కన్నా ఎక్కువా, తక్కువా?’ అని అడుగు. ఎక్కువ అంటాడు. ‘మరి రెండు బై అయిదు అర కన్నా ఎక్కువా?’ అని అడిగి ఊరుకో. తొందరపడి జవాబు అందించకు. ఒక కాగితం మడిచి అయిదు భాగాలు చేసుకుని చూసుకోనీ. ఎందుకు తప్పో వాడే పట్టుకుంటాడు. క.సా.గు. ఎందుకు కావాలో ఆ తర్వాత చెబితే దానికో అర్థం ఉంటుంది.

లెక్క తెలియడం వేరు, ఆ లెక్కలో పిల్లలు ఎక్కడ, ఎందుకు తప్పుతారో తెలియడం వేరు. టీచర్‌కు ప్రత్యేకంగా ఉండాల్సిన జ్ఞానం ఈ రెండోదేనని అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లో ప్రతిపాదించారు. మీ పెడగాజీ పుస్తకంలో ఆయన పేరు చదివే ఉంటావు. ఆ జ్ఞానం ఏ గైడులోనూ దొరకదు. నలభై నోటు పుస్తకాల్లో ఉంటుంది. రోజూ కనిపించిన తప్పులను ఒక చిన్న పుస్తకంలో రాసుకో. నీ యాక్షన్ రీసెర్చ్‌కు అంశం అందులోంచే వస్తుంది, ఎవరి రికార్డూ చూసి కాపీ కొట్టే పని ఉండదు.

మీ లెక్చరర్ వచ్చే రోజు సంగతి. చెప్పేసిన పాఠం మళ్లీ చెప్పకు. ఆ రోజు టైమ్‌టేబుల్లో ఏ పాఠం ఉంటే అదే చెప్పు, తడబడినా సరే. పాఠం అయ్యాక పది నిమిషాలు కూర్చోమని ఆయన్ను అడుగు: ‘సార్, ఏ నిమిషంలో పిల్లలు నా చేయి దాటిపోయారు? మీరైతే అక్కడ ఏం చేసేవారు?’ ఇలా నోరు తెరిచి అడిగిన విద్యార్థికి చెప్పకుండా వెళ్లిపోయే లెక్చరర్లు తక్కువ. ఆ బడి లెక్కల సార్ క్లాసులోనూ వారానికి రెండు పీరియడ్లయినా కూర్చో. ఆయన ఎవరిని అడుగుతున్నారు, ఎవరిని అసలు అడగడం లేదు అన్నది ప్రత్యేకంగా గమనించు.

పిల్లల అల్లరి సంగతి నువ్వు అడగలేదు గానీ, ముందు పేర్లు నేర్చుకో. ‘ఏయ్, నువ్వు’ అనడానికీ, పేరు పెట్టి పిలవడానికీ ఎంత తేడా ఉంటుందో రెండు రోజుల్లోనే తెలుస్తుంది. ఎవరేం చెప్పినా బెత్తం మాత్రం పట్టుకోకు. కొట్టడాన్నే కాదు, మనసు గాయపడేలా మాట్లాడటాన్ని కూడా విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ నిషేధించింది.

చార్టుల మీద రాత్రంతా కూర్చోకు. పిల్లల చేతికందని చార్టు గోడకే పరిమితం.

ప్రశ్న: మా అమ్మాయికి ఎడ్‌సెట్‌లో ర్యాంకు వచ్చింది. ఒక కాలేజీ వాళ్లు ‘రోజూ రానక్కర్లేదు, రికార్డులు మేం చూసుకుంటాం, పరీక్షలకు వస్తే చాలు’ అంటున్నారు. ఈలోగా ఊళ్లో ప్రైవేటు బడిలో చేస్తే నెలకు కొంత చేతికొస్తుంది కదా అనుకుంటున్నాం. ఇందులో తప్పుందా?
- ఓ తండ్రి, సూర్యాపేట

జవాబు: మీ ఇంటి అవసరం నాకు అర్థమైంది. అయినా అక్కడ చేర్పించకండి. రెండేళ్ల బీఎడ్‌లో బడికి సంబంధించిన పని కనీసం ఇరవై వారాలుండాలి. మొదటి ఏడాది నాలుగు, రెండో ఏడాది పదహారు. క్లాసులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు తప్పనిసరి అని ఎన్‌సీటీఈ 2014 నిబంధనలు చెబుతున్నాయి. ఆ కాలేజీ మీకు తీరిక ఇవ్వడం లేదు. మీ డబ్బు పుచ్చుకుని, మీ అమ్మాయికి రావాల్సిన ఇరవై వారాలను తీసేసుకుంటోంది.

ప్రైవేటు బడిలో ఎటూ పాఠాలే చెబుతుంది కదా అంటారేమో. అక్కడ ఆమె పాఠాన్ని వెనక కూర్చుని చూసి, ఇక్కడ ఇలా కాదమ్మా అని చెప్పేవాళ్లు ఉండరు. రోజుకు ఏడు పీరియడ్లు చెప్పి ఇంటికొచ్చేసరికి ఆలోచించే ఓపికా మిగలదు. చేసిన తప్పులే అలవాటైపోతాయి.

కౌన్సెలింగ్‌లో ప్రభుత్వ కాలేజీలకు ముందు ఆప్షన్ పెట్టండి. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని ఐఏఎస్‌ఈ లాంటివి ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హత చూసుకోండి. ఏ కాలేజీకి వెళ్లినా బిల్డింగ్ చూసి రాకండి. ఆమె సబ్జెక్టుకు లెక్చరర్ ఉన్నారా, ఇంటర్న్‌షిప్‌కు ఏ బడులకు పంపుతారు, పోయినేడు ఆ బడులకు లెక్చరర్లు ఎన్నిసార్లు వెళ్లారు అని అడగండి. ఆఫీసులో కన్నా గేటు బయట సీనియర్లను అడిగితే నిజం తెలుస్తుంది.

ప్రశ్న: పాడేరు వైపు గిరిజన ఆశ్రమ పాఠశాలలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. ఆరో తరగతికి సోషల్ చెబుతున్నా. పిల్లలు వాళ్లలో వాళ్లు కువి మాట్లాడుకుంటారు. నేను ప్రశ్న వేస్తే తల దించుకుంటారు. ‘వీళ్లకు రాదు, మీరు చెప్పుకుంటూ పోండి’ అని సలహా ఇస్తున్నారు.
- ఓ విద్యార్థి, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: ఆ సలహా తీసుకోవద్దు బాబూ. ఆ పిల్లలు మౌనంగా ఉన్నారంటే ఏమీ తెలియదని కాదు. తెలిసింది చెప్పడానికి వాళ్ల దగ్గరున్న భాషను మనం తరగతి గదిలోకి రానివ్వలేదు. రెండు దశాబ్దాల కిందట ఉమ్మడి రాష్ట్రంలో సవర, కోయ, కువి వంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు తయారుచేశారు. ఆ పుస్తకాలు ఏవైనా బడి బీరువాలో ఉన్నాయేమో వెతుకు. ఆరో తరగతి వాళ్లకు అవి చిన్నవే, కానీ నీకు పనికొస్తాయి.

రేపటి నుంచి ఇలా చేసి చూడు. ప్రశ్న వేశాక వెంటనే ఎవరినీ లేపకు. ముగ్గురేసి పిల్లలను కూర్చోబెట్టి, రెండు నిమిషాలు వాళ్ల భాషలోనే మాట్లాడుకోమను. తర్వాత ఒకరు తెలుగులో చెబుతారు, మాట దొరక్కపోతే పక్కవాళ్లు అందిస్తారు. పాఠాన్ని కూడా వాళ్లకు తెలిసిన చోటి నుంచి ఎత్తుకో. మార్కెట్ గురించి చెప్పాలంటే వారపు సంత ఉండనే ఉంది. ఇంట్లో పండిన పసుపు, కాఫీ, మిరియాలు సంతలో ఎవరు కొంటారు, ధర ఎవరు చెబుతారు, తూకం ఎవరు వేస్తారు? ఈ సంగతులు ఆ పిల్లలకు నీకన్నా బాగా తెలుసు. వాళ్లు చెప్పింది బోర్డు మీద రాసి, అక్కడి నుంచి పుస్తకంలోకి వెళ్లు.

నువ్వూ రోజుకు అయిదు కువి మాటలు పిల్లల దగ్గరే నేర్చుకో. నువ్వు పలికింది తప్పయితే నవ్వుతారు, నవ్వనీ. సార్ కూడా నేర్చుకుంటున్నాడని తెలిస్తే తెలుగులో తప్పు మాట్లాడటానికి వాళ్లకు భయం తగ్గుతుంది. హాస్టల్లో సాయంత్రం స్టడీ అవర్‌కు వెళ్లడానికి హెచ్‌ఎం అనుమతి తీసుకుని, తొమ్మిదో తరగతి పిల్లల్లో తెలుగు బాగా వచ్చినవాళ్లను ఒకరిద్దరిని నీకు సాయం అడుగు. మీ లెక్చరర్ పరిశీలనకు వస్తే ఈ పద్ధతిలోనే పాఠం చెప్పు. తరగతి గోలగా ఉందని రాస్తారేమోనని జంకకు. ఎందుకలా చేశావో లెసన్ ప్లాన్‌లో ముందే రెండు వాక్యాలు రాసిపెట్టుకో.